తుపాకి స్టేషన్లో ఉన్న రోజులు

మా వదినకు రాజకీయాలు పట్టేవి కావు. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో అడిగితే చెప్పలేకపోయేది. కానీ ఢిల్లీలో ప్రభుత్వం పడిపోయిందని రేడియోలో వార్త వస్తే మాత్రం ఆవిడ ముఖం తేటపడేది. మళ్లీ ఎలక్షన్లు పెడతారా అని నన్ను అడిగేది. పెడతారంటే, ఎన్నాళ్లు పడుతుందని అడిగేది. నేను బడిపంతులును కాబట్టి ఆ వివరాలన్నీ చెప్పేవాణ్ణి. దేశం మీద ఆవిడకు ఇంత శ్రద్ధ ఉందని కొన్నాళ్లు మురిసిపోయాను కూడా.

ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సు తుపాకులు ఉన్నవాళ్లు వాటిని పోలీసు స్టేషన్లో అప్పగించాలి. ఫలితాలు వచ్చాక తెచ్చుకోవాలి. మా అన్నయ్య దగ్గర ఒక తుపాకి ఉండేది. తొంభయ్యారు నుంచి తొంభైతొమ్మిది లోపల మూడుసార్లు పార్లమెంటుకు ఎన్నికలొచ్చాయి. మూడుసార్లూ అది గుడ్డలో చుట్టుకుని స్టేషన్‌కు వెళ్లింది. వదిన ఎదురుచూసింది ఆ రోజుల కోసం. ఈ సంగతి నాకు అర్థం కావడానికి మూడేళ్లకు పైగా పట్టింది. అర్థం కాకపోవడానికి కారణం తెలివితక్కువతనం కాదు. నా కళ్లు ఆవిడ మీద లేవు, తుపాకి మీద ఉన్నాయి.

మాది దివిసీమలో, నాగాయలంక దిగువన, మడ అడవికి దగ్గరగా ఉన్న ఊరు. వరి పాలు పోసుకునే రోజుల్లో పరజ బాతులు గుంపులుగా దిగేవి. అడవి పందులు గట్లు తవ్వేసేవి. పంట కాపలాకని నాన్నగారు లైసెన్సు తీసుకుని రెండు గొట్టాల తుపాకి కొన్నారు. తొంభైల మొదట్లో ఆయన పోయేముందు పొలం పంపకం కాగితాల మీద తేలిపోయింది. ఆయన స్వయంగా పిలిచి చేతికిచ్చినవి రెండే. తాను నలభై ఏళ్లు చదివిన పెద్దక్షరాల పరిశుద్ధ గ్రంథం నాకు, తుపాకి అన్నయ్యకు. నేను గుడివాడలో రెండేళ్లు వాక్య శిక్షణ పొంది వచ్చినవాణ్ణి, మా సంఘానికి కార్యదర్శిని. కాబట్టి గ్రంథం నాకు రావడం న్యాయమే. సమాధి దగ్గర పాస్టరు గారు మంచి భాగం చిన్నవాడికి దక్కిందని చెబుతుంటే నేను తల వంచి ఆమేన్ అన్నాను.

ఆ ఆమేన్ అబద్ధం. నాకు తుపాకి కావాలి. పిట్టను కొట్టాలని కాదు. దాన్ని భుజాన వేసుకుని అన్నయ్య కాలవ గట్టు మీద నడుస్తుంటే, టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. అప్పగించడానికి స్టేషన్‌కు వెళితే ఎస్సై గారు కుర్చీ వేయించేవారు. నన్ను ఊరంతా "మాస్టారూ" అని పిలిచేది, కానీ కూర్చునే పిలిచేది. తుపాకి మడమ మీద నాన్నగారి చెంప ఆనిన చోట కర్ర రంగు వెలిసి తెల్లబడింది. ఆ మచ్చ మీద ఇప్పుడు అన్నయ్య చెంప ఆనుతుందని తలుచుకుంటే నా కడుపులో మంట రేగేది. గ్రంథం తెరిచి చదువుతూనే ఈ మంటను పెంచుకున్నాను. రెండూ ఒకే మనిషిలో ఇముడుతాయని నాకు అనుభవం మీద తెలుసు.

అన్నయ్య వదిన మీద చెయ్యి చేసుకుంటాడని ఊళ్లో అందరికీ తెలుసు. ఆవిడ కొన్ని ఆదివారాలు పైట చెంగు చెంపదాకా లాక్కుని గుడిలో ఆడవాళ్ల వరసలో చివర కూర్చునేది. సంఘం తరఫున మేం వాళ్లింట్లో కుటుంబ ప్రార్థన పెట్టేవాళ్లం. ప్రార్థన అయ్యాక ఆవిడే కాఫీ ఇచ్చేది.

రెండో ఎన్నికలయ్యి తుపాకి ఇంటికొచ్చిన తర్వాత, ఒక వానాకాలం మధ్యాహ్నం గుడి పైకప్పు కారుతోందని మాట్లాడటానికి అన్నయ్య దగ్గరికి వెళ్లాను. మా రెండిళ్లకూ మధ్య ఒకటే ప్రహరీ. భోజనం చెయ్యమంటే కూర్చున్నాను. వదిన వడ్డిస్తూ, గుడివాడలో వాళ్లమ్మకు కంటి ఆపరేషన్ ఉందనీ, రేపు వెళతాననీ చెప్పింది. అన్నయ్య వద్దన్నాడు. ఒక్కతే కదా, తోడుండాలి కదా అని ఆవిడ నెమ్మదిగానే అంది. అన్నయ్య లేచి లోపలికి వెళ్లి తుపాకి తెచ్చాడు. గొట్టాలు విరిచి రెండు తూటాలు పెట్టాడు, టక్కున మూశాడు. మూసి, అన్నం గిన్నెకూ ఆవకాయ జాడీకీ మధ్య భోజనాల బల్ల మీద పెట్టాడు. గొట్టాలు ఆవిడ నిలబడ్డ వైపు ఉన్నాయి.

"పప్పు వెయ్యి," అన్నాడు.

ఆవిడ వేసింది. నాకు కూడా వేసింది. ఆ తర్వాత ఎవరూ గుడివాడ మాట ఎత్తలేదు.

ఆ క్షణంలో నేను వదిన ముఖం చూడలేదు. ఇన్నేళ్లయినా ఆ తుపాకి మడత బందు ఎంత బిగువుగా మూసుకుందో చూశాను. అన్నయ్య నూనె బాగా పెడుతున్నాడనుకున్నాను. వెలిసిన మచ్చ నా వైపుంది, చెయ్యి చాపితే అందుతుంది. రెండో వడ్డన కూడా తిని చెయ్యి కడుక్కున్నాను. దేవుడు నా పాపాలన్నీ చదివే రోజున ఈ భోజనం మొదటి పేజీలో ఉంటుందని నమ్ముతున్నాను.

తొంభైతొమ్మిదిలో ప్రభుత్వం మళ్లీ పడిపోయింది. తుపాకి మూడోసారి అవనిగడ్డ స్టేషన్‌కు వెళ్లింది. పది రోజులు తిరక్కుండానే మళ్లీ గుడివాడ ప్రయాణం దగ్గరే గొడవ జరిగి, అన్నయ్య ఆవిడ చెయ్యి మెలితిప్పాడు. కుడి మణికట్టు విరిగింది. ఎప్పుడూ గుమ్మం దాటి ఎవరికీ చెప్పుకోని మనిషి, విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి తిన్నగా స్టేషన్‌కు వెళ్లి కేసు పెట్టింది. అక్కణ్ణుంచి ఆసుపత్రికి, తర్వాత గుడివాడలో అమ్మ దగ్గరికి వెళ్లింది.

ఆవిణ్ణి చూడటానికి మా ఆవిడా నేనూ గుడివాడ వెళ్లాం. చెయ్యి పిండికట్టులో ఉంది. ఇన్నేళ్లు ఊరుకుని ఇప్పుడెలా ధైర్యం వచ్చిందని మా ఆవిడ అడిగింది.

"అది స్టేషన్లో ఉందిగా చెల్లీ. ఇంట్లో ఉంటే నేను వీధి తలుపు కూడా తీసేదాన్ని కాదు," అంది వదిన.

ఢిల్లీ వార్తలు ఆవిడ ఎందుకు అడిగేదో అప్పుడు అర్థమైంది.

కేసు ఏడాదిన్నర నడిచింది. నేరం రుజువైంది. మొదటి తప్పు అని మేజిస్ట్రేటు గారు జైలు వెయ్యకుండా, మంచి ప్రవర్తనకు బాండు రాయించుకుని వదిలారు. తుపాకి ఊసు కోర్టులో రాలేదు. పేలని తుపాకి గురించి ఎవరడుగుతారు? నన్నెవరూ సాక్షిగా పిలవలేదు, నేనూ వెళ్లి చెప్పలేదు. తుపాకి మాత్రం స్టేషన్లోనే ఉండిపోయింది. గడువు కూడా తీరిపోయింది కాబట్టి లైసెన్సు మళ్లీ రాయించుకుంటేనే అది ఇంటికొస్తుంది.

ఆ రోజుల్లో బడి పని మీద బందరు వెళ్లి, పని అయ్యాక కలెక్టరాఫీసులో తుపాకి లైసెన్సులు చూసే గదికి వెళ్లాను. నన్నెవరూ పంపలేదు. ఒక మనిషికి నేరం రుజువై లైసెన్సు పోతే, అతని తమ్ముడు ఆ తుపాకికి అర్జీ పెట్టుకోవచ్చా అని అడిగాను. పోలీసు రిపోర్టు బాగుంటే పెట్టుకోవచ్చన్నాడు గుమాస్తా. జైలు శిక్ష పడితే చట్టమే అడ్డుపడుతుందనీ, బాండు మీద వదిలితే ఇవ్వడమా మానడమా అన్నది కలెక్టరు గారి ఇష్టమనీ అతనే చెప్పాడు. వచ్చేటప్పుడు బందరు లడ్డూలు కొన్నాను. ఎందుకు కొన్నానో అప్పుడు ఆలోచించలేదు.

మా ఆవిడ లడ్డూ కొరికి, ఏమిటి విశేషం అని అడిగింది. చెప్పాను. సగం తిన్న లడ్డూను ఆవిడ తిరిగి పెట్టెలో పెట్టేసింది.

"అక్క మణికట్టు ఇంకా సరిగ్గా తిరగట్లేదండీ. మీకు అప్పుడే భుజం దురద పుట్టిందా?"

తప్పు చేసినవాణ్ణి ప్రభువు బల్లకు, అంటే గుడిలో పంచే రొట్టె ద్రాక్షారసాలకు, దూరంగా ఉంచడం మా సంఘంలో ఆచారం. అతను పశ్చాత్తాపపడి అందరి ముందూ ఒప్పుకుంటే, పెద్దలు ఒక్కొక్కరే వచ్చి అతని కుడిచెయ్యి పట్టుకుంటారు. అక్కడితో ఆ తప్పు మాట ఇక ఎత్తకూడదు. ఆరు నెలలు బల్లకు దూరమైన అన్నయ్య ఒక ఆదివారం లేచి నిలబడ్డాడు. తప్పు ఒప్పుకుంటూ ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, అందులో నాకు అనుమానం లేదు. ఆడవాళ్లూ మగవాళ్లూ ఏడ్చారు. ముసలి పెద్ద ఒకాయన అతన్ని కౌగిలించుకుని వదల్లేదు. నేను ఇరవై ఏళ్లు ఒక్క ఆదివారం మానకుండా వచ్చినవాణ్ణి, హాజరు రాసేవాణ్ణి, దీపాలు తుడిచేవాణ్ణి. నా కోసం ఆ గుడిలో ఒక్క కంటి చుక్క రాలలేదు. తప్పిపోయిన కొడుకు కథలో, ఇంటికి తిరిగొచ్చినవాడికి విందు చేస్తుంటే లోపలికి రాకుండా బయట నిలబడ్డ అన్న సంగతి మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆవేళ అన్నయ్య చెయ్యి పట్టుకున్నప్పుడు, నేను కూడా ఆ గుమ్మం బయటే నిలబడి ఉన్నాను. అతనికి తుపాకి దక్కింది, చివరికి కన్నీళ్లు కూడా అతనికే దక్కాయనుకున్నాను.

ఆ ఆదివారం వదిన కూడా గుడివాడ నుంచి వచ్చింది. ఆరాధన అయ్యాక పాస్టరు గారు కాపురానికి ఎప్పుడొస్తావమ్మా అని అడిగితే, మా అందరి ముందూ ఒక్క మాట చెప్పింది.

"ఆయన పిలిస్తే వస్తానండీ. అది మాత్రం ఇంటికి రాకూడదు."

అలాగేనమ్మా అన్నారు పాస్టరు గారు. అన్నయ్య తల ఊపాడు.

నెల తిరిగేసరికి పందులు పడ్డాయి. అన్నయ్య చేను ఒక మూల దున్నినట్టయిపోయింది. లైసెన్సు మళ్లీ రాయించుకోవడానికి అర్జీ పెట్టాడు. నేరం రుజువైన మనిషి కాబట్టి, ప్రవర్తన మారిందని పెద్దమనుషుల దగ్గర నుంచి కాగితం తెస్తే మంచిదని ఎవరో చెప్పారట. సంఘం ఉత్తరం ఇమ్మని పాస్టరు గారి వసారాలో నన్నడిగాడు. వదినకిచ్చిన మాట ఏమైందన్నాను.

"చెయ్యి చేసుకున్నాన్రా, తప్పే. ఒప్పుకున్నాను, మీరంతా చెయ్యిచ్చారు. తుపాకి ఏం చేసింది? ఒక్కనాడు మీ వదిన మీద పేల్చానా?" అన్నాడు అన్నయ్య. "పందుల్ని నీ ప్రార్థనతో తోలతావా చెప్పు, రాత్రికి నిన్నే కాపలా పెట్టుకుంటా."

పాస్టరు గారు చాలా మంచి మనిషి. దేవుడు క్షమించాడని నమ్మి కుడిచెయ్యి ఇచ్చినవాణ్ణి, కాగితం దగ్గరికొచ్చేసరికి అనుమానిస్తే ఆ చెయ్యి ఇచ్చినట్టేనా అన్నారు. బీరువాలో పెట్టి తాళం చెవి పొలం పనికి తప్ప తియ్యకుండా ఉంటే అమ్మాయి కూడా ఒప్పుకుంటుందన్నారు. ఆ అమ్మాయిని మాత్రం ఎవరూ అడగలేదు. రేపు చెబుతానని లేచి వచ్చేశాను.

తెల్లవారుజామున నాన్నగారి గ్రంథం ముందు మోకరించాను. ఉత్తరం ఇవ్వకూడదనడానికి నా దగ్గర ఎన్ని కారణాలున్నాయో అన్నీ మంచివే. కానీ ఒక్కొక్క కారణం ఎత్తి చూస్తే దాని కింద నేనే ఉన్నాను, కాలవ గట్టు మీద, భుజాన తుపాకితో. లడ్డూల పెట్టె గుర్తొచ్చింది. వద్దంటున్నది న్యాయం కాదు, నా అసూయే అని తేల్చుకున్నాను. అసూయను చంపాలంటే అది అడిగినదానికి ఎదురు చెయ్యాలి. లేచి, సంఘం కాగితం మీద, మా అన్నయ్య మారుమనసు పొంది మంచి నడతతో ఉన్నాడని నా చేత్తో రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చాను. ఆవేళ ఒళ్లు తేలికగా ఉంది. చాలా ఏళ్ల తర్వాత అన్నయ్యను చూస్తే కడుపులో మంట లేదు. గెలిచాననుకుని పాట పాడుకుంటూ బడికి వెళ్లాను.

వాక్యంలో పెరిగినవాళ్లం మేం చేసే తప్పు ఇది. మా హృదయాన్ని మేం తవ్వుకుని, అందులో ఏం దొరికిందో దాన్నిబట్టి తీర్పు చెబుతాం. ఎదుట ఎవరున్నారో చూడం.

వారం తర్వాత మధ్యాహ్నం బడి వదిలే వేళకు వదిన గేటు దగ్గర నిలబడి ఉంది. గుడివాడ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఉత్తరం సంగతి ఆవిడకు మా ఆవిడే ఫోన్లో చెప్పింది. నేను కుర్చీ తెప్పించబోతే వద్దంది. తుపాకి మీద నాకున్న ఆశ, దాన్ని చంపుకోవడానికి చేసిన పని, ఉన్నదున్నట్టు చెప్పేశాను. నా మనసు శుభ్రం చేసుకోవడానికే రాశానని కూడా చెప్పాను. అది ఆవిడకు గొప్పగా కనిపిస్తుందని నాలో ఒక మూల ఆశ ఉంది.

ఆవిడ విరిగి అతికిన మణికట్టును ఎడం చేత్తో పట్టుకుంది.

"అది మీ అన్నదమ్ముల గొడవ చిన్నబ్బాయీ. నాన్నగారు పోయినప్పటి నుంచీ చూస్తున్నాను. మధ్యలో నా మెడ ఎందుకు పెట్టావు?"

ఆవిడ అక్కడితో ఆగలేదు.

"ఆవేళ బల్ల మీద పెట్టినప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు. నీ వంక చూశాను, ఒక్క మాటంటావేమోనని. నువ్వు దాన్నే చూస్తున్నావు. పప్పు ఇంకొంచెం వెయ్యమన్నావు."

పప్పు నేనడిగానన్నది నాకు గుర్తులేదు. ఆవిడకు గుర్తుంది.

మర్నాడు సెలవు పెట్టి బందరు బస్సెక్కాను. మోపిదేవి దగ్గర యాత్రికులు కిక్కిరిసి ఎక్కితే నిలబడే వెళ్లాను. అదే గది, అదే గుమాస్తా. నా సంతకం ఉన్న ఉత్తరం దస్త్రంలో పైనే ఉంది. దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను.

"మొన్న మంచివాడన్నారు, ఇవాళ కాదంటున్నారు. ఈ మధ్యలో మీ సంఘంలో ఎలక్షన్లేమన్నా జరిగినాయా మాస్టారూ?" అన్నాడు. పక్కన ఇద్దరు నవ్వారు. ఆ ఉత్తరం దస్త్రంలోంచి తియ్యడం కుదరదనీ, కావాలంటే దానిమీద ఇంకో కాగితం రాసిమ్మనీ చెప్పాడు.

వరండాలో కూర్చుని రాశాను. ఆ ఉత్తరం అన్నయ్య గుడిలో ఎలా ఉన్నాడన్నదానికే తప్ప ఇంట్లో ఎలా ఉంటాడన్నదానికి పూచీ కాదని రాశాను. భోజనాల బల్ల మీద ఏం జరిగిందో, గొట్టాలు ఎటు తిరిగి ఉన్నాయో రాశాను. ఆవిడ కేసు పెట్టగలిగింది తుపాకి ఇంట్లో లేని రోజుల్లోనే అని రాశాను. చివర, ఆ తుపాకి నాకు కావాలని చిన్నప్పటి నుంచీ ఆశ ఉందనీ, ఈ కాగితాన్ని ఆ సంగతి తెలిసే చదవాలనీ, నేను మాత్రం ఎన్నడూ దానికి అర్జీ పెట్టుకోననీ రాశాను.

గుమాస్తా చదివి, నవ్వు మానేసి, చివరి పేరా మీద వేలు పెట్టాడు. అది కొట్టేయండి, మీ మాటకు విలువ పోతుంది అన్నాడు. ఉండనివ్వమన్నాను. అసూయపరుడు చెప్పినంత మాత్రాన జరిగింది జరగకుండా పోదు. అది అర్థం కావడానికి నాకు ఒక ఉత్తరం ఖర్చయింది.

విచారణకు వదినను కూడా పిలిచారు. లైసెన్సు మళ్లీ రాయడానికి ఒప్పుకోలేదు. తుపాకిని బెజవాడలో లైసెన్సు ఉన్న దుకాణానికి అమ్మెయ్యమన్నారు. కాగితం అందిన రోజు అన్నయ్య ప్రహరీ మీదుగా నాతో అన్నాడు.

"సాధించావురా. వెళ్లి తెచ్చుకో, నీకే గదా కావాల్సింది."

ఆ మాట నిజమే. రెండేళ్లు మా మధ్య మాటల్లేవు. ఆ రెండేళ్లూ పందులు పడ్డాయి, నా చేలో కూడా పడ్డాయి. డబ్బాలు కొడుతూ కాపలా కాశాం. కొంత పోయింది. పోతే పోయింది.

పెళ్లాన్ని కొట్టినట్టు రుజువైనవాడికి తుపాకి ఉండొచ్చా అని ఇప్పుడెవరైనా అడిగితే, ఉండకూడదంటాను. ఒక్కసారి కొట్టినవాడు మారడా అంటే, మారతాడు. మారాడని మేం కుడిచెయ్యి ఇస్తాం, బల్లకు పిలుస్తాం, అతను చనిపోతే మోస్తాం. తుపాకి ఆ చేతిలో తిరిగి పెట్టడం క్షమాపణలో భాగం కాదు. క్షమించేది మేము, గొట్టాల ముందు నిలబడేది ఆవిడ. పాస్టరు గారితో ఈ విషయం మీద ఆయన పోయేదాకా వాదించాను. ఆయన ఒప్పుకోలేదు. ఎవరో ఒకరిని నమ్మకపోతే సంఘం ఎందుకనేవారు.

లైసెన్సు పోయాక నెల రోజులకు వదిన ఇంటికొచ్చింది. అన్నయ్య మళ్లీ చెయ్యి ఎత్తలేదని నేను ప్రమాణం చెయ్యలేను. ప్రహరీ అవతల నుంచి అరుపులు అప్పుడప్పుడు వినిపించాయి. అందులో ఆవిడ గొంతు కూడా వినిపించేది. అది అంతకుముందు ఎన్నడూ వినలేదు. గుడివాడ ఎప్పుడు వెళ్లాలంటే అప్పుడు వెళ్లొచ్చేది.

రెండువేల నాలుగులో మళ్లీ ఎన్నికలు వచ్చాయి. ఒక ఉదయం కానిస్టేబుల్ ఒకడు పాత జాబితా పట్టుకుని అన్నయ్య గుమ్మం ముందు సైకిలు ఆపి, తుపాకి అప్పగించాలండీ అన్నాడు. వదిన వసారాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను ఇటు అరుగు మీదున్నాను.

"మా ఇంట్లో లేదు బాబూ, కొట్టేసుకో," అంది. అతను పేరు కొట్టేసుకునేదాకా కాగితం వంక చూస్తూనే ఉంది.

అప్పుడే పై వీధి రైతు ఒకాయన తన తుపాకిని దుప్పటిలో చుట్టి, మోటారు సైకిలు మీద అడ్డంగా పెట్టుకుని స్టేషన్‌కు వెళుతూ మా ముందు నుంచి పోయాడు. టీ కొట్టు దగ్గర ఒకరిద్దరు లేచారు. మడమ దుప్పటి బయటికి కనిపిస్తోంది. బండి మలుపు తిరిగేదాకా నా కళ్లు దాని వెంటే వెళ్లాయి. కడుపులో అదే పాత మంట, ఏమీ తగ్గలేదు.

తల తిప్పేసరికి వదిన నన్నే చూస్తోంది. ఈనె తీసిన కాయను గిన్నెలో వేసింది.

"కూరకు సరిపోతాయి చిన్నబ్బాయీ. మధ్యాహ్నం ఇద్దరూ ఇటే భోజనానికి రండి," అంది.

వెళ్లాం. అన్నయ్య నా వైపు ఆవకాయ జాడీ జరిపాడు. వదిన పప్పు తెచ్చినప్పుడు ముందు ఆవిడ ముఖం చూశాను, తర్వాత చాలన్నాను.